లాభం అంటే ఒకటి

నాకు రాయడం రాదు. సంతకం చేస్తాను, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదువుతాను, అంతవరకే నా చదువు. అందుకని ఇది నేను చెబుతుంటే ఇంకొకరు రాశారు. చెప్పింది చెప్పినట్టే రాయమన్నాను, బాగు చేయొద్దన్నాను.

కంప్యూటర్లో పాచికలాట ఆడి, జట్టు కట్టి, దేశదేశాల వాళ్ళతో పోటీకి దిగిన ముగ్గురు ఆడవాళ్ళలో నేనొకతెనంటే మా వీధిలో ఇప్పటికీ నవ్వుతారు. నవ్వితే నవ్వనివ్వండి. ఆ జట్టులో నాకంటూ ఒక చోటు ఉండేది. ఆయన పోయాక నన్ను ఎవరైనా ఎందులోనైనా ఒకతెగా లెక్కపెట్టింది అక్కడే. ఆ చోటు నిలుస్తుందా పోతుందా అని ఆ శ్రావణమాసం రెండు రోజులు నేను పడ్డ యాతన గురించి చెప్పాలని ఉంది. గెలుపు సంగతి దేవుడెరుగు.

మాది మండపేట. ఇంటి వెనక గోడకు ఆనుకునే రైసు మిల్లు. ఆయన కామెర్లు ముదిరి పోయేనాటికి నాకు నలభై రెండో, మూడో. పిల్లలు లేరు. ఇల్లు అన్నదమ్ములిద్దరిదీ కాబట్టి నేను ఒకరి పంచన ఉన్నట్టు కాదు. కానీ మొగుడు పోయిన మనిషి తన సొంత ఇంట్లో కూడా కాస్త ఒదిగే కూర్చుంటుంది. మరిది పొలం చూసుకుంటాడు, ట్రాక్టరు ఉంది. తోటికోడలు నాకంటే ఆరేళ్ళు చిన్నది. రాజమండ్రి పిల్ల. తండ్రి బడిపంతులు కావడంతో కాపురానికి వచ్చేదాకా పొలం గట్టు తొక్కి ఎరగదు. నన్ను అక్కా అంటుంది. చెడ్డది కాదు. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను, ఎందుకంటే మిగతాది విన్నాక చెడ్డదనుకుంటారు.

కంప్యూటరు వాళ్ళ అమ్మాయి చదువు కోసం కొన్నది. ఆ పిల్ల ఇంజనీరింగని హాస్టలుకు పోయింది. మిషను హాల్లో మూల, పైన కుట్టుపని గుడ్డ కప్పుకుని మిగిలిపోయింది. టెలిఫోను తీగలోంచి నెట్టు వచ్చేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక తోటికోడలు ఆ గుడ్డ తీసి కూర్చునేది. ఆమెకు ఆ ఆట నేర్పింది రాజమండ్రిలో ఉన్న సొంత అక్క. ఇంట్లో పెద్దక్క అంటారు. నేను ఆవిణ్ణి ఇక్కడ రాజమండ్రి ఆవిడ అనే చెబుతాను.

ఆట పెద్ద కష్టమైనది కాదు. ఆరు పాచికలు. ఒక్క చుక్క పడితే వంద, అయిదు చుక్కలు పడితే యాభై. ఒకే అంకె మూడు పాచికల మీద పడితే ఇంకా పెద్ద పందెం. పడ్డ వాటిలో పనికొచ్చే దాన్ని పక్కన పెట్టి, మిగిలినవి మళ్ళీ వేయవచ్చు. చాలనుకుంటే వచ్చింది తీసుకుని ఆపేయవచ్చు. ఆశపడి వేస్తే, ఆ వేసిన వాటిలో ఒక్కటీ పనికిరాకపోతే, ఆ వంతులో అంతదాకా వచ్చిందంతా పోతుంది. ఇక్కడ ఆడాల్సింది పాచికలు వేయడం కాదు, ఎక్కడ ఆపాలో తెలుసుకోవడం. జట్టుకు ముగ్గురు, మనిషికి పది వంతులు, ముగ్గురివీ కలిపి ఎవరిది ఎక్కువైతే వాళ్ళది ఆట. ఎవరి పది వంతులు వాళ్ళు ఆ రోజు సాయంత్రం అయిదు లోపల ఎప్పుడైనా ఆడుకోవచ్చు.

పోటీకి ఆ అక్కచెల్లెళ్ళిద్దరూ, రాజమండ్రి ఆవిడ పక్కింటామె పేర్లిచ్చుకున్నారు. తీరా మొదలవబోతుంటే పక్కింటామె కూతురి పురుడని వెళ్ళిపోయింది. ముగ్గురు లేకపోతే జట్టు లేదు. అప్పుడు తోటికోడలు ఫోను చేసింది. స్పీకరు పెట్టుకుని మాట్లాడడం ఆమెకు అలవాటు.

"పెద్దక్కా, మా అక్క పేరు రాసెయ్యనా?"

"ఏ అక్కే?"

"మా తోటికోడలు."

నేను అక్కడే గచ్చు మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాను.

"పేరుకేముందే, రాసెయ్. మిషను మటుకు నువ్వే పట్టుకో. ఆవిడ చెయ్యి పడనివ్వకు. నేను చెడ్డగా అనట్లేదు, పద్ధతి. ఇంకోటి, ఆవిడ వంతు మొదట వద్దు, ఆఖర్ని పెట్టు."

తోటికోడలు గభాలున స్పీకరు తీసేసింది. నా వైపు చూసి, "పెద్దక్క సంగతి తెలుసు కదక్కా," అంది.

"తెలుసులే. రాయి," అన్నాను.

రోషం రాలేదా అంటే వచ్చింది. కానీ పేరు రాస్తానన్న మాట ముందు రోషం ఓడిపోయింది. మూడేళ్ళుగా పెళ్ళి పిలుపుల్లో, నోముల్లో, వాయనాల్లో ఎక్కడా లేని పేరు. ఆమె టకటకా కొట్టి, "ఇదుగో అక్కా, ఇదే నువ్వు," అని తెర మీద చూపించింది. ఇంగ్లీషులో ఉంది. మొదటి అక్షరం నిచ్చెన మెట్టులా ఉంటుందని గుర్తు పెట్టుకున్నాను.

అలా మొదలైంది. నా వంతు వచ్చినప్పుడు ఆమె కుర్చీలో, నేను పక్కన స్టూలు మీద. వేలు పెట్టి తెర మీద చూపించేదాన్ని. ఇది ఉంచు, ఇది ఉంచు, వెయ్యి. చాలు, ఆపు. నాలుగు మిగిలితే వేయించేదాన్ని, మూడు మిగిలితే చేతిలో ఎంతుందో చూసుకునేదాన్ని, రెండు మిగిలితే ఆపించేదాన్ని. ఎవరు నేర్పారని అడిగేది తోటికోడలు. ఎవరూ నేర్పలేదు. చిన్నప్పుడు చింతపిక్కలు అరగదీసి ఆడినప్పటి నుంచీ నాకు పందెం ఎదురు తిరగబోయే ముందు కడుపులో తెలుస్తుంది. పది వంతుల్లో ఏ రెండో మూడో తప్పితే అన్నీ నిలిచేవి. మొదటి ఆటల్లో ముగ్గురిలో నాదే ఎక్కువ వచ్చింది. రాజమండ్రి ఆవిడ ఫోన్లో, "చెల్లీ, నీ చెయ్యి మంచిదే," అనేది. తోటికోడలు నవ్వేసి ఊరుకునేది. నేనూ ఊరుకునేదాన్ని. అప్పుడే ఊరుకోకుండా ఉండాల్సింది.

ఇక్కడ ఒక మాట సంగతి చెప్పాలి. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు మా వాళ్ళు ఒకటి అనరు. మొదటి కుంచం పొయ్యగానే లాభం అంటారు. లాభం, రెండు, మూడు, అలా పోతుంది. ఏడు దగ్గరికి వచ్చేసరికి ఏడు అనరు, ఏడు అంటే ఏడవమన్నట్టు ఉంటుందని ఆరున్నొక్కటి అంటారు. మా ఆయన కొలుస్తుంటే ఆ లాభం అన్న మాట గొంతు సాగదీసి పాటలా అనేవాడు. ఆయన కొలవడం, నేను గోనె మూతి పట్టుకోవడం, ఇరవయ్యేళ్ళు. అందుకని నా నోటికి ఒకటి రాదు. కూరగాయలు లెక్కపెట్టినా లాభమే. పాచికకు ఏడు లేదు కాబట్టి ఆ బాధ లేదు గానీ, ఒక్క చుక్క పాచిక నాకు మొదటి నుంచీ లాభమే. పక్కన కూర్చుని వేలుతో చూపిస్తాను కాబట్టి నా నోట్లో దాని పేరేమిటో తోటికోడలికి తెలిసే అవసరం రాలేదు. ఆ అక్కచెల్లెళ్ళకు కూడా ఒక లాభం ఉంది. వచ్చింది చాలని తీసుకుని ఆపే మీట ఒకటుంది కదా, దాన్ని రాజమండ్రి ఆవిడ "లాభం తీసుకో" అనేది. అదీ నాకు తెలియదు. వాళ్ళిద్దరూ ఫోన్లో ఎంతసేపో మాట్లాడుకునేవారు, నేను వంటింట్లో ఉండేదాన్ని.

ఒక్కో జట్టునూ దాటుకుంటూ ఎనిమిది జట్లు మిగిలే దాకా వచ్చాం. గెలిచిన వాళ్ళకు వచ్చేదేమీ లేదు. ఒక కప్పు బొమ్మ, పక్కన మూడు పేర్లు, నెల రోజులు అందరికీ కనబడేలా ఉంచుతారట. నాకు ఆ మూడు పేర్లు చాలు. ఎనిమిది నుంచి నాలుగులోకి వెళ్ళాలంటే ఒకే జట్టుతో మూడు ఆటలు, రెండు గెలవాలి. ఎవరో ఏ దేశమో, నీలం గీతల జెండా. మొదటిది గెలిచాం.

రెండోది శ్రావణ గురువారం నాడు. వాళ్ళిద్దరి వంతులూ అయిపోయాయి. నావి తొమ్మిది అయ్యాయి. పదో వంతు ఒక్కటే మిగిలింది. ఆ వంతులో మూడు వందల యాభై రావాలి, వస్తే అక్కడితో నాలుగులోకి వెళ్ళిపోతాం. ఫోను స్పీకరు మీద ఉంది. రాజమండ్రి ఆవిడ అవతల నుంచి, "చూసి ఆడవే, చూసి ఆడు," అంటోంది.

అప్పుడే వీధి గుమ్మంలో ఎదురింటావిడ. చేతిలో కుంకుమ భరిణె.

"ఏమండోయ్, రేపు మా ఇంట్లో వరలక్ష్మీ వ్రతం. సాయంత్రం పేరంటానికి రావాలి."

నేను స్టూలు మీంచి లేచి వంటింటి గుమ్మం లోపలికి వెళ్ళిపోయాను. ఎవరూ వెళ్ళమనలేదు. ఎదురింటావిడ నా వైపు చూడను కూడా లేదు. మూడేళ్ళుగా కుంకుమ భరిణె కనబడితే నా కాళ్ళు వాటంతట అవే వెనక్కి పోతాయి. ఆ రోజు ఆగుంటే ఏమయ్యేదో అని తరవాత చాలాసార్లు అనుకున్నాను. ఏమీ అయ్యేది కాదు.

ఆటలో ఒక్కో పందేనికి నిమిషమే గడువు. తోటికోడలు కుర్చీ వదలడానికి లేదు. కూర్చునే మొహం ఎత్తి బొట్టు పెట్టించుకుంది, ఒక చెయ్యి మౌసు మీద ఉంచి. ఆరు పాచికలూ పడ్డాయి. గుమ్మంలోంచి నాకు కనబడుతూనే ఉన్నాయి. ఒక్క చుక్కది ఒకటి, తక్కినవన్నీ పనికిరానివి. ఆ ఒక్కటీ ఉంచి అయిదూ వేయాలి, వేరే దారి లేదు.

"అక్కా, నిమిషం అయిపోతోంది, ఏం చెయ్యను?"

"లాభం తీసుకో," అని అరిచాను. "తీసుకుని మిగతావి వెయ్యి" అంటూనే ఉన్నాను, ఈలోపు ఎదురింటావిడ, "మీ తోటికోడలిని కూడా భోజనానికి రమ్మనండి, పేరంటం అయ్యాక," అంటోంది. ఆ మాటలో నా మాట సగం మునిగిపోయింది. తోటికోడలు మీట నొక్కేసింది. వచ్చిన వంద తీసుకుని ఆట ఆగిపోయింది. రెండు వందల యాభై తక్కువతో ఓడాం.

ఆమె లెక్క చూసుకోదా అంటారు. చూసుకోదు. నా వంతులో లెక్క నాది, వేలు ఆమెది. ఇన్ని రోజులూ అలాగే గెలిచాం.

ఎదురింటావిడ వెళ్ళింది. ఫోను అరుస్తోంది.

"వందకి ఆపేశారేంటే? ఆఖరి వంతులో వందకి ఆపేవాళ్ళుంటారటే? మతుండే ఆడుతున్నావా?"

తోటికోడలు నా వైపు చూసింది. నేను గుమ్మంలోనే ఉన్నాను.

"అక్క లాభం తీసుకోమంది పెద్దక్కా."

"తీసుకోమందా? అయితే ఆవిడే నొక్కిందా? ఆవిడ చెయ్యి పడిందా మిషను మీద?"

లేదు అనాలి. రెండక్షరాలు. తోటికోడలు మౌసు తీగను వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"అదీ సంగతి. శ్రావణమాసంలో, గురువారం పూట... నేను చెబితే వినవు కదా. రేపు ఆవిడ వంతు నువ్వే ఆడు. గదిలో కూడా ఉండనివ్వకు. పేరు మార్చడానికి లేదు గానీ, ఉంటే ఈ పూటే తీయించేద్దును."

అవతల ఫోను పెట్టేశారు. నేను పొయ్యి మీద పాలు చూసుకోవడానికి వెళ్ళాను. పాలు పొంగలేదు, ఏమీ లేదు, ఊరికే వెళ్ళాను.

సాయంత్రం ఆమె అంట్లు తోముతుంటే పక్కన కూర్చున్నాను.

"నా చెయ్యి పడిందా?"

"లేదక్కా."

"పడలేదని ఎందుకనలేదు?"

"పెద్దక్కకి ఎదురు చెప్పడం నాకు చిన్నప్పట్నించీ రాదక్కా."

"నన్ను అనిపించడం వచ్చు."

ఆమె ఏడ్చింది. ఆమెకు ఏడుపు తొందరగా వస్తుంది. అప్పుడే లాభం సంగతి కూడా బయటపడింది. "ఆపమన్నావనుకున్నానక్కా, లాభం తీసుకోమంటే ఆపడమే కదా," అంది. నేను కళ్ళం సంగతి, కుంచం సంగతి చెప్పాను. బూడిద చేతుల్తోనే నోరు మూసుకుంది. "అంటే ఒకటా? లాభం అంటే ఒకటా?" అని రెండు మూడుసార్లు అడిగింది. ఇరవయ్యేళ్ళు ఒకే కప్పు కింద ఉన్నాం. ఆ మాట ఆమె చెవిని పడలేదు.

"ఈ సంగతి మీ అక్కకు ఫోను చేసి చెప్పు," అన్నాను.

"చెబుతాలే అక్కా."

చెప్పలేదు. రాత్రంతా చూశాను, పొద్దున్న కూడా చూశాను. నా మీద ఎవరో వేసిన మాట పోవాలని ఇంత తాపత్రయమేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. నిజం చెప్పాలంటే భయం అది. ఆయన పోయిన ఏడాదే మా పాడి గేదె చచ్చిపోయింది. అప్పుడు మా అత్తవైపు ముసలామె ఒకామె "ముండమోపి చేతి గడ్డి తింటే అంతే" అంది. ఆ మాట నాలో ఎక్కడో కూర్చుని ఉంది. పాచికల్లో నా వంతులు నిలుస్తుంటే ఆ మాట కొంచెం కొంచెం కరుగుతున్నట్టుండేది. ఇప్పుడు మళ్ళీ గడ్డ కట్టింది.

మర్నాడు శుక్రవారం. మూడో ఆట. మా వైపు రెండింటి నుంచి నాలుగింటి దాకా కరెంటు కోత, అందుకని మేమిద్దరం ముందే ఆడేయాలి. రాజమండ్రి ఆవిడ పొద్దున్నే ద్రాక్షారామం వెళ్ళింది. గెలవాలని భీమేశ్వరుడికి అభిషేకం చేయించి, తిరిగొచ్చి మూడు తరవాత ఆడతానంది. మరిది పన్నెండింటికి అన్నానికి వచ్చాడు. వడ్డిస్తూ అతని ముందే అన్నాను.

"ఈ రోజు నా వంతు నా చేత్తో నేనే ఆడతాను. కుదరదంటే చెప్పండి, అసలు ఆడను. నా పేరుకు సున్నా పడుతుంది, ఆట పోతుంది, మీ ఇష్టం."

తోటికోడలు పప్పు గరిటె పట్టుకుని నిలబడిపోయింది. మరిది ఏమిటి గొడవ అని అడిగితే ఆమే చెప్పింది, తల దించుకుని. అతను పెద్దగా నవ్వాడు.

"చేతులేంటొదినా? ఆ పాచికలు వేసేది కరెంటు. దానికి మొగుడున్నాడో లేడో ఎవడు చూశాడు? ఆడు, ఆడు. కాస్త మజ్జిగ పోస్తావా?"

అతనికి అది నవ్వులాట. చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. తోటికోడలు హాల్లోకి వెళ్ళి, మిషను మీది గుడ్డ తీసి, నా పేరు కొట్టి, కుర్చీ నా వైపు జరిపింది. స్టూలు మీద తను కూర్చుంది.

మౌసు ముట్టుకోవడం అదే మొదలు. చూడ్డానికి చిన్నదే, చేతిలోకి తీసుకుంటే ఎటు పోతుందో తెలియదు. పొత్రం తిప్పినట్టు తిప్పాను, బాణం గుర్తు తెర దాటి ఎక్కడికో పోయింది. "మెల్లగా అక్కా, వేళ్ళతో చాలు," అంది. మొదటి వంతు నిమిషం అంతా బాణం వెతుక్కోవడంతోనే సరిపోయింది, సున్నా. ఇదుగో, అన్నట్టే అయింది అనుకున్నాను. ఆమె ఏమంటుందోనని చూడలేదు.

రెండో వంతు నుంచి చెయ్యి కుదిరింది. ఒక్క చుక్క పడ్డప్పుడల్లా లాభం అని పైకే అన్నాను. తోటికోడలు కూడా పక్కన లాభం అనడం మొదలుపెట్టింది. ఎనిమిదో వంతులో మూడు ఆరులు, మిగిలిన మూడూ మళ్ళీ వేస్తే ఇంకో మూడు ఆరులు. చేతిలో పన్నెండు వందలు, ఆరూ పక్కకు వచ్చాయి కాబట్టి మళ్ళీ ఆరూ వేయవచ్చు. వేశాను. ఒక లాభం, ఒక అయిదు వచ్చాయి. నాలుగు మిగిలాయి. నాలుగుంటే వేయించే మనిషినే, కానీ ఆ పూట కడుపులో వద్దనిపించింది. ఆపేశాను. పది వంతులూ అయ్యేసరికి నాది నాలుగు వేల ఆరు వందలు. అంతకు ముందు ఎవరికీ అంత రాలేదు. తోటికోడలిది మూడు వేల ఏడు వందలు. తనది అవుతుండగానే కరెంటు పోతుందేమోనని ఒకటే భయం, అయిన అయిదు నిమిషాలకు పోయింది.

ఆ చీకటి హాల్లో ఇద్దరం ఊరికే కూర్చున్నాం. చెమటలు కారుతున్నాయి. "పెద్దక్కకి మూడున్నర వేలు వస్తే చాలక్కా, గెలిచేశాం," అంది. నా చెయ్యి పట్టుకుంది. ఆ కాసేపూ నేను సంతోషంగా ఉన్నాను. దాచుకునేదేముంది, ఉన్నాను.

నాలుగింటికి కరెంటు వచ్చింది. మిషను వేసేసరికి రాజమండ్రి ఆవిడ ఆడేస్తోంది. ఆవిడ పది వంతుల్లో అయిదు పోగొట్టుకుంది. రెండు పాచికలు మిగిలినా వేస్తుంది ఆవిడ, మొదటి నుంచీ అంతే. రెండు వేల తొమ్మిది వందల దగ్గర ఆగింది. నీలం గీతల జెండా వాళ్ళు నాలుగులోకి వెళ్ళిపోయారు.

ఫోను మోగింది.

"ఆవిడ నాకంటే ముందు ఆడిందిటే? ఆవిడ చేత్తోనే ఆడించావా?"

"పెద్దక్కా, అక్కకే అందరికంటే ఎక్కువ వచ్చింది, చూడు, నాలుగు వేల ఆరు వందలు..."

"వస్తుందే! మనది లాక్కుంటే రాదేంటి? ముందు పందెం ఆవిడతో వేయిస్తే వెనక వాళ్ళకేం మిగులుతుంది? పొద్దున్నుంచీ ఉపవాసం ఉండి, ఎండలో లైనులో నిలబడి వచ్చాను నేను."

తోటికోడలు లేచి నిలబడింది. ఈసారి చెప్పింది. ఆ మాట ఆమెకు దక్కాలి, అందుకని చెబుతున్నాను.

"పెద్దక్కా, నిన్నటి తప్పు నాది. అక్క మిషను ముట్టుకోలేదు. లాభం అంటే వాళ్ళ కొలతలో ఒకటి. ఒకటి ఉంచి తక్కినవి వెయ్యమంది. నేను ఆపేశాను."

ఇప్పుడు తెలుస్తుంది, ఇప్పుడు పొరబడ్డానంటుంది అనుకున్నాను.

"అయితే ఏంటే? ఇన్నాళ్ళూ పడని పొరపాటు ఆ రోజే ఎందుకు పడింది? ఎవరు పక్కనుంటే పడిందో నువ్వే చూసుకో."

అంతే. నేను నిజం బయటపడితే చాలనుకున్నాను. నిజం వెళ్ళింది, తలుపు కొట్టింది, వాళ్ళింట్లో దానికి చోటు లేదు.

కార్తీకంలో ఇంకో పోటీ వచ్చింది. నాకు ఎవరూ చెప్పలేదు. మిషను తుడుస్తుంటే తెర మీద మూడు పేర్లు కనబడ్డాయి. మూడోది నిచ్చెన మెట్టుతో మొదలవలేదు. తోటికోడలు వెనక నుంచి వచ్చి, "పెద్దక్క వాళ్ళ వీధిలో ఒకావిడక్కా, ఇంగ్లీషు వచ్చంట," అంది. నేను తుడవడం పూర్తి చేసి గుడ్డ ఉతకడానికి పట్టుకుపోయాను. అడిగి ఉండాల్సిందేమో. ఏమని అడగాలి? జట్టు వాళ్ళది, పేరు రాసింది వాళ్ళు. మధ్యలో నేను వంటింట్లో ఉన్న మనిషిని.

తరవాత ఓ మధ్యాహ్నం ఆమె ఆడుతోంది. ఫోను స్పీకరు మీదే ఉంది. నేను వంటింట్లో పీట మీద కూర్చుని చిక్కుళ్ళు ఈనెలు తీస్తున్నాను. ఆమె చేతిలో బాగానే వచ్చినట్టుంది, గొంతులో తెలుస్తుంది. అలవాటు కొద్దీ తల వెనక్కి తిప్పి పిలిచింది.

"అక్కా, తొమ్మిది వందలయింది. రెండే మిగిలాయి. ఆపనా, వెయ్యనా?"

"ఎవరినే అడుగుతున్నావు?" అంది ఫోన్లోంచి రాజమండ్రి గొంతు.

"ఎవర్నీ కాదు పెద్దక్కా."

నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. ఆపు అన్న మాట నాలిక మీదికి వచ్చేసింది. రెండు మిగిలితే ఆపాలి, తొమ్మిది వందలుంటే మరీ ఆపాలి. చంటిపిల్లకైనా చెప్పాల్సిన మాట. ఆమె మళ్ళీ వెనక్కి చూసింది. ఈసారి పిలవలేదు, కళ్ళతో అడిగింది. ఆ చూపులో ఏముందో నాకు తెలుసు. తప్పు చేశానని ఉంది, అయినా చెప్పవా అని ఉంది.

నేను తల దించుకుని ఈనె తీశాను. నిమిషం గడిచిందో లేదో తెలియదు, మీట నొక్కిన చప్పుడు వినబడింది. ఆపిందో వేసిందో చూడలేదు. "అయ్యో" అని ఫోన్లో అన్నారో, ఇంకెక్కడైనా అన్నారో, అదీ నిశ్చయంగా చెప్పలేను.

ఆ పూట కూరలో ఉప్పు ఎక్కువైందని మరిది అన్నాడు. తోటికోడలు నేనే వేశానండీ అంది. వేసింది నేను. ఆమె మొహం కేసి చూశాను, ఆమె కంచంలోకి చూసుకుంది. ఇల్లు ఒకటే, పొయ్యి ఒకటే, మాట్లాడుకోకుండా కుదరదు కాబట్టి మర్నాటి నుంచి మామూలుగానే మాట్లాడుకున్నాం. ఆట సంగతి మాత్రం ఆమె ఎత్తలేదు, నేను ఎత్తలేదు. చెప్పి ఉంటే ఆమె గెలిచేదేమో. ఆ రోజు నోరు మూసుకున్నది పంతానికో, బాధకో, లేకపోతే నా మాట కూడా నిజంగానే తగులుతుందేమోనన్న భయానికో, ఇంతవరకూ నాకు తేలలేదు.